రత్నమూ ప్రతిరూపమూ

శుక్తిలో రజతాన్ని చూడటం అద్వైత గ్రంథాలలో భ్రాంతికి ప్రసిద్ధమైన దృష్టాంతం. అక్కడ ముత్యపుచిప్ప చేసిన అపరాధమేమీ లేదు, దోషం ద్రష్టది. కాని గాజుముక్కకు సానపట్టి వజ్రమని విక్రయించినపుడు ఆ భ్రాంతికి ఒక కర్త ఏర్పడతాడు. అయితే కృత్రిమాభరణం అసత్యమా, కళా? భారతీయ శాస్త్రాలు దీనికి ఏకముఖంగా సమాధానమివ్వలేదు. రత్నశాస్త్రం ప్రతిరూపాన్ని శంకించింది. నాట్యశాస్త్రం దానినే విధించింది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ అధికరణం, 11వ అధ్యాయం రాజకోశంలో చేర్చదగిన రత్నాల పరీక్షకు సంబంధించినది. ముత్యం పెద్దదిగా, గుండ్రంగా, తెల్లగా, కాంతివంతంగా, బరువుగా, నునుపుగా ఉండాలి. రంధ్రం తగిన చోట పడాలి. నాలుగవ అధికరణంలో దండవిధి కనిపిస్తుంది. మణిమయాది వస్తువులలో హీనజాతిదానిని మేలుజాతిదని చెప్పి అమ్మినా, తాకట్టు పెట్టినా మూల్యానికి 8 రెట్ల దండన. ఇక్కడ దండనీయమైనది వస్తువు కాదు, దానికి తగిలించిన అసత్యనామం.

గరుడపురాణంలోని రత్నపరీక్షా ప్రకరణం మరింత సూక్ష్మమైనది. ఇనుము, పుష్యరాగం, గోమేధికం, వైడూర్యం, స్ఫటికం, గాజు – వీటితో నేర్పరులు వజ్రానికి ప్రతిరూపాలు చేస్తారని హెచ్చరించి, క్షారంతోను, గీతతోను, సానతోను పరీక్షించమన్నది. గీత పరీక్షకు ఆధారం కాఠిన్యం. 1812లో జర్మన్ ఖనిజశాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ మోస్ రూపొందించిన కాఠిన్యమానంలో స్ఫటికం 7, పుష్యరాగం 8, కెంపు 9, వజ్రం 10. సాధారణమైన గాజు 6 లోపే నిలుస్తుంది. వజ్రం అన్నిటినీ గీస్తుందని, దానిని మరొకటి గీయలేదని ప్రాచీనులు చెప్పినది నేటికీ నిలిచింది. కాని మేలైన వజ్రం నీటిపై తేలుతుందన్న వరాహమిహిరుని బృహత్సంహితా వాక్యం నిలవలేదు. వజ్రం నీటికంటె సుమారు మూడున్నర రెట్లు సాంద్రమైనది, మునిగి తీరుతుంది. పరీక్షను బోధించిన శాస్త్రమూ పరీక్షకు అతీతం కాదు.

నాట్యశాస్త్రపు దృష్టి వేరు. ఆహార్యాభినయ ప్రకరణంలో భరతుడు రంగస్థలంపై బరువైన నగలను నిషేధించాడు. అవి నటునికి శ్రమను, స్వేదాన్ని, మూర్ఛను కలిగిస్తాయి. అంగవిన్యాసానికి అడ్డు తగులుతాయి. కనుక లక్కతో కూర్చిన తేలికపాటి భూషణాలే ప్రశస్తం. మైనం, వస్త్రం, తెలుగువారు కాకిబంగారమని పిలిచే అభ్రకపు రేకులు కూడా ఆ సామగ్రిలో ఉన్నవి. రంగంపై కిరీటం బంగారమా కాదా అని ప్రేక్షకుడు అడగడు. అతనికి కావలసినది రాజు, రాజుగారి ఆస్తి కాదు.

ఐరోపాలో ఈ కళ 18వ శతాబ్దంలో విస్తరించింది. పారిస్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ సీసం కలిపిన గాజుతో వజ్రాలను తలపించే రాళ్లకు ప్రసిద్ధుడయ్యాడు. సీసం గాజు వక్రీభవన గుణకాన్ని పెంచి మెరుపునిస్తుంది. అయినా వజ్రానికున్న 2.42ను అది అందుకోలేదు. 1902లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నాయ్ అల్యూమినియం ఆక్సైడ్ పొడిని జ్వాలలో కరిగించి కెంపును సృష్టించే విధానాన్ని ప్రకటించాడు. ఇది గాజువంటి ప్రతిరూపం కాదు. గనిలోని కెంపుకున్న రసాయన స్వరూపమే దీనికీ ఉన్నది. సూక్ష్మదర్శినిలో కనిపించే వంపు రేఖలు దాని జన్మను చెబుతాయి. 1920 దశకంలో కొకో షనెల్ కృత్రిమ ముత్యాలను దాచకుండా, అసలువాటి సరసనే ధరించి, వాటిని అలంకారశైలిగా నిలిపింది.

తెలుగుదేశంలో ఈ రెండు చరిత్రలూ ఒకే పట్టణంలో కలుస్తాయి. కృష్ణాతీరాన కొల్లూరు గనులు వజ్రాలకు ప్రసిద్ధికెక్కిన కాలంలో గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు మచిలీపట్నం. అదే పట్టణంలోని చిలకలపూడి నేడు గిల్టు నగలకు పేరు పొందింది. రాగి, ఇత్తడి నగను బంగారు లవణ ద్రావణంలో ముంచి విద్యుత్తును ప్రసరింపజేస్తే పసిడి పలుచని పొరగా పేరుకుంటుంది. ఆ జిల్లాలోనే ఉన్న కూచిపూడి పేర ప్రసిద్ధమైన నృత్యంలో నర్తకులు ధరించేవీ అధికంగా కృత్రిమాభరణాలే. భరతుని విధి అక్కడ ఆచరణలో ఉన్నది.

చెమటకు, రాపిడికి ఆ పొర అరిగిపోతుందని అమ్మేవారు ఎరుగుదురు, కొనేవారూ ఎరుగుదురు. బంగారం కొనలేని ఇంటి పెండ్లికూతురు ఆ నగలతో పీటలపై కూర్చున్నపుడు అక్కడ మోసపోయినవారెవరూ లేరు. కౌటిల్యుని 8 రెట్ల దండన వర్తించేది, ఆ నగనే మరునాడు మేలిమి బంగారమని చెప్పి తాకట్టు పెట్టబోయినవానికి.