కరిసల్ నేలలో మన వంటిల్లు

మన తాతలు రోజూ ఏం తినేవారని పిల్లలు అడిగితే, మనలో చాలామందిమి ఇడ్లీ, సాంబారు, అన్నం అనేస్తాం. కానీ ఇవన్నీ ఒకప్పుడు మనకు పండగ వంటలు.

విజయనగర, మధుర నాయకుల కాలాల్లో తెలుగు నేల నుంచి వచ్చిన మనవాళ్లు కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ ఉన్న నల్లరేగడిలో కుదురుకున్నారు. దీన్నే ఇక్కడ కరిసల్ అంటారు. తామ్రపర్ణి ఒడ్డున పండినట్టు ఇక్కడ వరి పండదు. ఐప్పసి, కార్తీక వానలే దిక్కు. అందుకే పత్తితో పాటు సజ్జలు, జొన్నలు, ఊదలు, మినుములు వేశారు. వరన్నం పెళ్లికో దీపావళికో దొరికేది. ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా రాసింది ఇలా వలస వచ్చినవాళ్ల కథే.

సజ్జ సంగటి తేలికైన వంట కాదు. గింజలు తడిపి, రోట్లో దంచి, పొట్టు చెరిగి, మళ్లీ దంచి రవ్వ చేసి, ఎసట్లో పోసి అడుగంటకుండా కలియబెట్టాలి. మిగిలిన ముద్దల్ని రాత్రి నీళ్లలో వేసి, పొద్దున మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తినేవారు. పాతకాలపు తిండే మేలని మనం పొగిడేటప్పుడు ఆ రోకలి ఎవరి చేతిలో ఉండేదో మరవకూడదు. పిండి మరలు, బియ్యం వచ్చాక మన అమ్మల చేతులకు కాస్త తెరిపి దొరికింది.

పదిమందికి వండాలంటే కిలోల లెక్క లేదు. మద్రాసు కొలతలో 8 ఉళక్కులు ఒక పడి, 8 పడులు ఒక మరక్కాలు. వచ్చే చుట్టాలను బట్టి పెద్దావిడ పడి లెక్క చెప్పేది. 1956లో మెట్రిక్ తూనికల చట్టం వచ్చింది, మెల్లగా పడి అటకెక్కింది. విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా మన పక్కనున్న ఎట్టయపురంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనం మొదలుపెట్టిందీ అదే ఏడు. ఊరుమ్మడి వంట అంటే పెళ్లి పందిరి ఒక్కటే కాదని, ఆకలితో బడికొచ్చే బిడ్డ కూడా అని అది చాటింది.

ఇక అసలు మాట. మన పిల్లలు బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. మన తెలుగు చాలావరకు నోటి మీదే, అందులోనూ వంటింట్లోనే బతికింది. దంచడం, చెరగడం, ఎసరు, నూక, తవుడు అనే మాటలు ఆ పనులతో పాటే పోతున్నాయి. పని పోతే పోనీ, మాటనైనా కాపాడుకుందాం.

వచ్చే సంఘం విందులో ఒక్క వంటకం సజ్జలతో చేద్దాం. మరలో ఆడించిన రవ్వతోనే చేద్దాం, మగవాళ్లం కలియబెడదాం. ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని ఆమె కొలతను, ఆమె మాటను ఆమె పలికినట్టే రాసుకుందాం. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనైనా సరే. రాసినవన్నీ సంఘానికి ఇవ్వండి, ఒకచోట చేరుద్దాం.