మిద్దె మీది ఒరుగు, జలదారి కింది మడి

రాగులకు పాతర ఉంది. ఇంటి ముందో, ఊరి మెరకలోనో లోతుగా తవ్విన గుంటలో రాగులు పోసి, మూతి మీద రాయి పెట్టి మన్ను మెత్తితే ఏళ్ళ తరబడి పురుగు ముట్టదు. కన్నడంలో దీన్నే హగేవు అంటారు. మూత తీసిన వెంటనే లోపలికి దిగితే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకే ముందు కాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసేవాళ్ళు. దీపం ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగడం.

కూరగాయకు ఈ భోగం లేదు. కోసిన నాలుగో నాటికి వంకాయ వడలిపోతుంది, ఆకుకూర అయితే సాయంత్రానికే తల వాల్చేస్తుంది. సంగటి ముద్ద ఏడాది పొడుగునా దొరుకుతుంది సరే, ఎండాకాలంలో దాని పక్కన ఏముండాలి? మోరసునాడు, అంటే కోలారు, చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల సీమ, ఇక్కడి ఆడవాళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా ఈ చిక్కు విప్పుతూ వచ్చారు. రాజుల చరిత్రలో దీనికి చోటు లేదు కానీ ఈ నేల చరిత్రలో పెద్ద భాగమే ఇది.

బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే జాతీయ రహదారి మీద చిక్కబళ్ళాపురం దాటి బాగేపల్లి వైపు వెళ్తుంటే, గుడిబండ దారి చీలే కూడలి పేరేసంద్ర. 2007 దాకా కోలారు జిల్లాలో ఉండేది, ఇప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లా. బోర్డులు కన్నడంలో ఉంటాయి, చాలా ఇళ్ళలో మాట తెలుగు. ఇటు నంది కొండ, అటు వర్లకొండ, మధ్యలో రాళ్ళ గుట్టలు, ఎర్రనేల. వాన ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పెన్న, పాలారు, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపఘ్ని... ఇన్ని నదులు నంది కొండల చుట్టుపక్కలే పుట్టి తలా ఒక దిక్కుకు పోతాయి. పుట్టింట్లో ఒక్కటీ నిలవదు. ఏడాది పొడుగునా పారే ఏరు లేని చోట పాలెగాళ్ళూ రైతులూ చెరువులనే నమ్ముకున్నారు. గుడిబండ పక్కనున్న అమానీ బైరసాగరం అలాంటిదే.

చెరువు నీళ్ళు మాత్రం కూరగాయల దాకా వచ్చేవి కావు. తూము తీసి ఎవరి మడికి ఎంత నీరు వదలాలో చూసేందుకు నీరుగంటి ఉండేవాడు. ఆ లెక్కంతా వరికి, చెరకుకు. బెండ మొక్కకు చెరువులో వాటా అడిగితే ఊళ్ళో నవ్వేవాళ్ళు.

ఇక మిగిలింది బావి. టిప్పు పతనమైన మరుసటి ఏడు, 1800లో, ఈస్టిండియా కంపెనీ పంపగా ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు మైసూరు దేశమంతా తిరిగి పంటలు, పనిముట్లు, కూలి రేట్లు రాసుకున్నాడు. ఆ రాతలు 1807లో లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. కోలారు, చిక్కబళ్ళాపురం సీమ కూడా ఆయన దారిలో ఉంది. ఏతం, కపిల ఎలా పనిచేస్తాయో ఆయన శ్రద్ధగా వర్ణించాడు. కపిల అంటే ఒక జత ఎద్దులు, ఒక తోలు బాన, మోకు, గిలక, ఎద్దులు దిగి ఎక్కే ఏటవాలు బారి. ఎద్దులు బారి దిగితే బాన పైకొస్తుంది, నీళ్ళు కాలవలో పడతాయి. మళ్ళీ వెనక్కి నడిస్తే బాన బావిలోకి. తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దెక్కే దాకా తోలినా తడిసేది కొద్ది మడులే. ఇంత ఖర్చు, ఇంత చాకిరీ పెట్టి పండించిన కూర అమ్మకానికే పోవాలి. పట్టణాల చుట్టూ తోటల మీదే బతికిన తిగళులు ఆ పనిలో ఆరితేరారు. మెట్ట రైతు ఇంటి కూర వేరే దారిన వచ్చేది.

ఆ దారి ఇంటి వెనక నుంచి మొదలవుతుంది. నీళ్ళు పోసుకునే బండ, అంట్లు తోమే చోటు, బియ్యం కడిగే తొట్టి, ఈ మూడింటి నీళ్ళూ కలిసి జలదారి గుండా దొడ్లోకి పడతాయి. ఆ తేమ చివర ఒక అరటి బోదె, దాని పక్కన చేమ, కరివేపాకు, ఇంకాస్త ఎగువన నాలుగు వంగ మొక్కలు, రెండు మిరప మొక్కలు. పేడదిబ్బ అంచున గుమ్మడి గింజ నాటితే తీగె దిబ్బ మీదే పాకి కాయలు కాసేది. కంప మీద కాకర, మిద్దె మీదికి అనప, సొర. ఒక్క మొక్క కోసమైనా ఎవరూ బిందె ఎత్తి కొత్త నీళ్ళు పోసింది లేదు. మైలు దూరం నుంచి నీళ్ళు మోసుకొచ్చే ఇల్లాలు ఆ నీటితో ముందు మనిషిని కడిగేది, తర్వాత గిన్నెను, చివరికి మొక్కను తడిపేది. కూరగాయల తోట అన్న మాట వినగానే గీసినట్టున్న చాళ్ళు కళ్ళ ముందుకొస్తాయి. మోరసునాటి దొడ్డి అలా ఉండదు, నీళ్ళు ఎటు పారితే మొక్క అటు లేస్తుంది.

దొడ్డి చాలకపోతే చేను ఉంది. రాగి చేలో కొన్ని సాళ్ళకొకటి వదిలి అందులో అనప, కంది, అలసంద, ఆవాలు చల్లడం ఇక్కడి పాత పద్ధతి. వాటిని ‘అక్కడి సాళ్ళు’ అంటారు. రాగి కోతకొచ్చాక కూడా అనప తీగె పచ్చగానే ఉంటుంది. మార్గశిరం చలికి, మంచుకు కాయ మీద జిడ్డు పట్టి, కోసినవాళ్ళ చేతులు రెండు రోజుల దాకా అదే వాసన కొడతాయి. గింజలు నానబెట్టి, రెండు వేళ్ళ మధ్య పితికి తోలు వదిలిస్తే పితికిపప్పు. సంక్రాంతి ముందు ఈ సీమలో పితికిపప్పు ఉడకని ఇల్లుండదు. ఇక వానాకాలమంతా చేలగట్ల మీద విత్తకుండా మొలిచే గురుగాకు, దొగ్గలాకు, చెంచలాకు, తుమ్మి. కలుపు తీయడానికి వెళ్ళినవాళ్ళు ఒడి నిండా కలగూర కోసుకొచ్చేవాళ్ళు. కన్నడిగులు దాన్నే బెరకె సొప్పు అంటారు. కూలికి వెళ్ళిన మనిషికి అది కూలి మీద అదనం.

మాఘం వెళ్ళేసరికి ఇదంతా అయిపోతుంది. చెరువు అడుగంటుతుంది, జలదారి కూడా సన్నగిల్లుతుంది. శివరాత్రికీ ఉగాదికీ నడుమ ఆకాశంలో మబ్బు తునక ఉండదు, పగటి గాలిలో చెమ్మ ఉండదు, మామిడి వానలకు ఇంకా గడువుంటుంది. కూరగాయ ముక్కలు ఎండబెట్టి దాచుకునే ఒరుగులకు ఇంతకన్నా మంచి అదను రాదు. మట్టి మిద్దె రోజంతా పెనంలా కాలి, రాత్రి కూడా చాలాసేపటి దాకా వెచ్చగానే ఉంటుంది.

వంకాయ కోసీ కోయగానే నల్లబడుతుంది కాబట్టి ముక్కలు ఉప్పునీళ్ళలో పడేస్తారు. మటిక్కాయలు, అంటే గోరుచిక్కుళ్ళు, ఈనెలు తీసి ఉప్పేసిన నీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చి వడగడతారు. ఆ ఒక్క పొంగులోనే కిటుకంతా ఉంది. పచ్చికాయను అలాగే ఎండేస్తే లోపలి ఎంజైములు పనిచేస్తూనే ఉండి రంగూ రుచీ పాడుచేస్తాయి, వేడి తగిలితే ఆగిపోతాయి. ఇవాళ ఆహార శాస్త్రం పుస్తకాల్లో ఉన్న పాఠమే ఇది, పుస్తకం లేని రోజుల్లో పెద్దామె చెయ్యి చూసి చిన్నామె నేర్చుకుంది. కాకరకాయ చక్రాలకు పులిసిన మజ్జిగ. మిరపకాయలదైతే మరీ ఓపిక పని. గాటు పెట్టి ఉప్పు మజ్జిగలో రాత్రంతా ఊరేసి, పొద్దున తీసి మిద్దె మీద ఆరేసి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేస్తారు. మజ్జిగంతా కాయే తాగేసే దాకా ఇలా సాగుతుంది. రాత్రిపూట ఏదీ మిద్దె మీద వదలరు, మంచుకు మెత్తబడితే బూజు పడుతుంది. విరిస్తే ఫట్‌మని విరగాలి, అప్పుడే కుండలోకి.

బూడిదగుమ్మడికాయ కోరుతో పెట్టే వడియాలకు ఇక్కడ కన్నడం వాసన తగిలి సండిగలన్న పేరు కూడా వచ్చింది. పేరేదైనా వైశాఖంలో సంగటి పక్కన చారులో నానిన ఒరుగు, నూనెలో పొంగిన సండిగ ఉంటే ఆ పూట గడిచినట్టే.

విత్తనం సంగతి ఇంకా జాగ్రత్తగా చూసేవాళ్ళు. బాగా కాసిన తీగెకు మొదటి కాయలు కోయకుండా ముదరనిచ్చేవాళ్ళు. ఎండిన సొరబుర్రకు చిల్లు పెట్టి, గింజలు బూడిదతో కలిపి నింపి, పొయ్యి పైన వేలాడదీసేవాళ్ళు. బూడిద పొడి పురుగు ఒంటి మీది తేమను లాగేస్తుంది, పొయ్యి పొగ కొత్త పురుగును రానివ్వదు. అనప, కంది గింజలకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టడమూ ఉంది.

ఈ ఏర్పాటంతా ఎంత పకడ్బందీగా కనిపించినా దానికీ ఒక హద్దుంది. ఒక్క ఏడు వాన తప్పితే ఒరుగుల కుండ ఆదుకుంటుంది, వరసగా రెండేళ్ళు తప్పితే ఎండబెట్టడానికే ఏమీ ఉండదు. ధాత సంవత్సరంలో, అంటే 1876లో, మొదలైన కరువు అదే చేసింది. 1871 జనగణనలో 50 లక్షలు దాటిన మైసూరు సంస్థానపు జనాభా 1881 నాటికి 42 లక్షలకు పడిపోయింది. పాత రోజుల దొడ్డిని తలచుకుని మురిసేవాళ్ళు ఈ అంకెలను కూడా గుర్తుంచుకోవాలి.

కొత్త కూరలు బెంగళూరు నుంచి వచ్చాయి. 1874లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్న జాన్ కామెరాన్ దేశదేశాల మొక్కలు తెప్పించి నాటాడు. మెక్సికో సీమ తీగె సీమవంకాయను ఈ నేలకు పరిచయం చేసిన ఖ్యాతి ఆయనదే. ఆంధ్ర ఇళ్ళలో దాన్ని ఇప్పటికీ బెంగళూరు వంకాయ అనే పిలుస్తారు. కోసు, క్యారెట్టు, ఉర్లగడ్డ దొడ్డి దాటి తోటల్లోకి పాకాయి. నంది కొండ చల్లదనానికి చిక్కబళ్ళాపురం చుట్టూ ఉర్లగడ్డ బాగా పట్టింది. 1915 ప్రాంతంలో బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురానికి, అటు కోలారు నుంచి చింతామణి, శిడ్లఘట్ట మీదుగా చిన్న గేజి రైలు పడింది. పేరేసంద్రకు రైలు రాలేదు, దానికి రోడ్డే గతి అయింది.

ఆ రోడ్డే తర్వాత అన్నీ మార్చింది. మైసూరు తోటల శాఖను నడిపిన ఎం.హెచ్. మరిగౌడ చొరవతో 1959లో బెంగళూరులో ద్రాక్ష రైతుల సహకార సంఘం పుట్టింది. అదే పెరిగి, కూరగాయలు కూడా అమ్మే హాప్‌కామ్స్ అయింది. 1967లో హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వచ్చింది. కపిల పోయి కరెంటు మోటారు, బావి పోయి బోరు. టమాటా దొడ్లోంచి ఎకరాల్లోకి దూకింది. కోలారు టమాటా మార్కెట్టు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరు పడింది, చింతామణి దానికి తోడు. చిన్నగా, ఘాటుగా ఉండే బెంగళూరు రోజా ఎర్రగడ్డ 2015లో భౌగోళిక గుర్తింపు పొంది, ఎక్కువగా మలేసియా, సింగపూరు లాంటి చోట్లకు ఎగుమతి అవుతోంది. ఊరగాయకు బాగా పనికొస్తుందని దానికి పేరు, ఊరబెట్టుకునేది మాత్రం పరాయి దేశం వాళ్ళు.

ధర పడిపోయిన వారం ఇదే రహదారి పక్కన టమాటాలు కుప్పలుగా పారబోయడం కనిపిస్తుంది. ఒరుగు తెలిసిన సీమకు ఈ గతేమిటని అడగడం తేలికే. కానీ టమాటాలో నూటికి 94 పాళ్ళు నీరే. పది కిలోలు ఎండిస్తే దక్కేది ముప్పావు కిలో కూడా ఉండదు. లారీడు సరుకు ఎండబెట్టాలంటే ఊళ్ళో మిద్దెలన్నీ కలిపినా చాలవు, పైగా ఇప్పుడు మిద్దెల మీద నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెనాలు. ఇంటి కుండ కోసం పుట్టిన విద్య మార్కెట్టు నష్టాన్ని తీర్చలేకపోయిందని దాన్ని తప్పుపట్టడంలో న్యాయం లేదు.

అనప కథ ఇంకోలా నడిచింది. పాత నాటు రకాలు పగలు కురచయ్యే దాకా పూతకు రావు, ఎప్పుడు విత్తినా చలికాలంలోనే కాస్తాయి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం హెబ్బాళ అవరె-3, 4 అన్న పొట్టి రకాలు తెచ్చింది (అవరె అంటే కన్నడంలో అనపే). వీటికి పగటి పొద్దుతో పనిలేదు, ఏ నెలలో వేసినా కాస్తాయి. పితికిపప్పు ఇప్పుడు ఆషాఢంలోనూ దొరుకుతుంది. అయినా వాసన విషయంలో నాటుకాయకు సాటి లేదని కొనేవాళ్ళే అంటారు. అందుకే ఎండబెట్టి దాచే పని తగ్గినా మార్గశిరం కాయ కోసం ఎదురుచూపు తగ్గలేదు.

బోర్లు మాత్రం వెయ్యి అడుగులు దాటాయి. జిల్లా భూగర్భ జలాల అతివినియోగ జాబితాకెక్కింది, లోతు నీళ్ళలో ఫ్లోరైడు తేలింది. శాశ్వత నీటి వసతి కావాలని 2016 మార్చిలో ఈ సీమ రైతులు ట్రాక్టర్లేసుకుని బెంగళూరు మీదికి కదిలారు. ఆ తర్వాత హెబ్బాళ–నాగవార లోయ పథకం కింద నగరపు మురుగునీటిని శుద్ధిచేసి రోజుకు 210 మిలియన్ లీటర్ల దాకా పైపుల్లో ఎక్కించి 65 చెరువులు నింపాలని నిర్ణయించారు. వాటిలో ఎక్కువ చెరువులు చిక్కబళ్ళాపురం జిల్లావే. వాడిన నీటితో కూర పండించడం ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. అయితే పాత జలదారిలో పారింది శీకాయ, సున్నిపిండి, బొగ్గుబూడిద కలిసిన ఒక్క ఇంటి నీళ్ళు. ఇప్పుడు వచ్చేవి డిటర్జెంట్లు, ఫ్యాక్టరీలు కలిసిన మహానగరం నీళ్ళు. రెండు దశల శుద్ధితోనే చెరువుల్లోకి వదులుతున్నారు. వాటిని భూమిలోకి ఇంకనివ్వాలే గాని నేరుగా పంటకు తోడుకోకూడదన్నది నిబంధన. మూడో దశ శుద్ధి కూడా చేయాల్సిందేనని రైతు సంఘాలు పట్టుబడుతున్నాయి.