నీళ్ళలో నానే చేతులు



జంగమకోటెవారికి శిడ్లఘట్ట రేష్మె గూళ్ళ మార్కెట్టు గురించి నేను చెప్పవలసిన పని లేదు. మైసూరు సీమలో టిప్పు సుల్తాను కాలంనుంచీ ఊతం దొరికిన వృత్తి ఇది. అయితే గూటినుంచి దారం తీసేవారి చేతులను మీరెప్పుడైనా దగ్గరగా చూశారా? గూటికి అంటుకుని ఉండే జిగురు వేడినీళ్ళలోనే మెత్తబడుతుంది. పోగు కొస దొరికేదాకా వేళ్ళు ఆ నీళ్ళలో ఆడుతూనే ఉండాలి. వేళ్ళ సందులు నాని తెల్లబడతాయి, పగులుతాయి, పుండ్లు పడతాయి. పట్టు పరిశ్రమలోని బాలకార్మికుల మీద 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ వెలువరించిన నివేదికలో కర్ణాటక పిల్లల బొబ్బలెక్కిన చేతుల ప్రస్తావన ఉంది.

నీళ్ళలో ఉన్న చర్మం మెత్తగా ఉండాలి గదా, పగలడమెందుకు? చర్మం పైపొరలో కణాల మధ్య కొవ్వు ఉంటుంది. లోపలి తేమను బయటికి పోనివ్వనిది అదే. వేడినీరు, సబ్బు ఆ జిడ్డును కడిగేస్తాయి. పైగా చర్మానిది కొంచెం పులుపు గుణం, మామూలు సబ్బుది క్షారగుణం. అందుకే అంట్లు తోమే చేతులకూ ఇదే గతి.

చేతులు కడగడం వల్ల ప్రాణాలు నిలుస్తాయని వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు 1847లో రుజువు చేశాడు. ఆయన పనిచేసే ప్రసూతి విభాగంలో ఆ ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయారు. వైద్యులంతా క్లోరిను కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కోవాలని ఆయన పట్టుబట్టాక జూన్‌లో ఆ సంఖ్య రెండుకు దిగింది. తోటి వైద్యులు చాలామంది ఆయన మాట చెవిని పెట్టలేదు. అది వేరే కథ.

ఆ మందునీళ్ళు చేతులను ఏం చేస్తాయో తర్వాత బయటపడింది. 1889-90 చలికాలంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కేరొలైన్ హాంప్టన్ అనే నర్సుకు, పాదరసపు మందునీళ్ళవల్ల చేతులంతా దద్దుర్లు లేచాయి. శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ఆమెకోసం గుడ్ ఇయర్ కంపెనీవారిచేత పల్చని రబ్బరు తొడుగులు చేయించాడు. ఆపరేషన్ గదిలోకి ఆ తొడుగులు వచ్చింది రోగి కోసం కాదు, నర్సు చర్మం కోసం! 1890లో వారిద్దరికీ పెళ్ళయింది.

2020లో కరోనా వచ్చాక ఈ బాధ ఇంటింటికీ చేరింది. ఆ యేడు చైనాలోని హుబేలో వైద్య సిబ్బందిని పరిశీలించగా, రోజుకు 10 సార్లకు మించి చేతులు శుభ్రం చేసుకున్నవారి చర్మమే ఎక్కువగా దెబ్బతిన్నది. శానిటైజరు పగిలిన చేతికి భగ్గుమంటుంది. అందుచేత చాలామంది తప్పంతా దాని మీద మోపి, మళ్ళీ మళ్ళీ సబ్బుతో రుద్దుతారు. నిజానికి గ్లిజరిను కలిసిన శానిటైజరుకన్నా సబ్బునీళ్ళే చర్మానికి ఎక్కువ చెరుపు. అయితే మట్టి, జిడ్డు అంటిన చేతులకు, మరుగుదొడ్డికి వెళ్ళివచ్చాక సబ్బే వాడాలి.

చన్నీళ్ళతో గానీ గోరువెచ్చని నీళ్ళతో గానీ కడగండి. వేళ్ళ సందులు, ఉంగరం కింద తడి ఒత్తి తుడవండి. వెంటనే వాసన లేని వాజలైన్ రాయండి, కొబ్బరినూనె అయినా సరే. పగుళ్ళున్నాయని కడగడం మానకండి. ఆ పగుళ్ళలోనే క్రిములు నిలుస్తాయి. రెండు వారాలైనా మానకపోతే చర్మవైద్యులకు చూపించండి. రేష్మె తీసేవారు తాము చేసే పని ఏమిటో డాక్టరుగారికి తప్పక చెప్పండి. అది తెలియకపోతే ఆయన తామరనుకుని వేరే మందు రాసే ప్రమాదముంది.