గొంతుకు గాలి ఊతం

జంషెడ్‌పూర్‌లోని కాసిడీహ్, సాక్చీ పేటల్లో కాపురముంటున్న తెలుగువారికి గాలి ఊదే యంత్రాల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 1912లో ఉక్కు తయారీ మొదలైన ఊరది. బ్లాస్ట్ ఫర్నేస్ నడవాలంటే దాని అడుగు భాగం నుంచి వేడి గాలిని నిర్ణీత పీడనంతో ఊదుతూ ఉండాలి. పీడనం చాలకపోతే కొలిమి పని కుంటుపడుతుంది. అతుకుల దగ్గర గాలి కారిపోతే ఎంత పెద్ద బ్లోయర్ ఉన్నా ప్రయోజనం ఉండదు. తగినంత పీడనం, గాలి కారని అతుకు అనే ఈ రెండు సూత్రాల మీదే ఆధారపడిన వైద్యం ఒకటి ఉంది. అది కొలిమికి కాదు, నిద్రలో మూసుకుపోయే మనిషి గొంతుకు. ఆ వైద్యం పేరు సి-ప్యాప్. అంటే శ్వాసమార్గంలో గాలి పీడనాన్ని రాత్రంతా ఎడతెగకుండా నిలిపి ఉంచడం.

ఎవరైనా గట్టిగా గురకపెడుతుంటే "హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అంటాం. మరీ ఎక్కువైతే కుంభకర్ణుడితో పోలుస్తాం. కాని ఆ గురక మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం ఆవరించి, కొన్ని క్షణాల తరువాత ఉక్కిరిబిక్కిరై ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తే, అది హాయి నిద్ర కాదు. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో నాలుక వెనుక భాగం, కొండనాలుక చుట్టూ ఉన్న మెత్తని కండ కలిసి దారిని పూర్తిగా మూసేస్తాయి. ఛాతీ ఊపిరి కోసం ఎగిసిపడుతూనే ఉంటుంది, కాని గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం మేల్కొని దారి తెరుస్తుంది, మళ్ళీ నిద్రపోతుంది. ఇలా ఊపిరి పది సెకన్లు లేదా అంతకు మించి ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. గాలి పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గిపోయిన సందర్భాలను కూడా కలిపి, మొత్తం గంటకు 5 లోపు ఉంటే మామూలు. 15 నుంచి మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. తెల్లవారాక రోగికి ఇదేమీ గుర్తుండదు. పగలంతా వేధించే మత్తు మాత్రం మిగులుతుంది. లారీ నడిపేవారికి, క్రేను నడిపేవారికి, రాత్రి షిఫ్టులో కొలిమి ముందు నిలబడేవారికి ఆ మత్తు ఎంత ప్రమాదమో ఊహించండి.

ఊపిరిపై చూపు

గొంతు మూసుకుపోవడం గురించిన ఎరుక శస్త్రచికిత్స గదిలో ముందుగా కలిగింది. మత్తుమందు ఇచ్చిన రోగికి నాలుక వెనక్కి జారి ఊపిరి అడ్డుపడుతుందని, కింది దవడను ముందుకు లాగితే దారి తెరుచుకుంటుందని పందొమ్మిదో శతాబ్దపు వైద్యులకు తెలుసు. ఆ రోజుల్లో మన హైదరాబాదు ఈ విషయంలో ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లోను, 1889లోను క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ పని చేశాయి. ఖర్చు భరించినది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. జంతువులపై, ముఖ్యంగా కుక్కలపై, వందల ప్రయోగాలు జరిపి, క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరేననీ, నాడి మీద కాక ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలనీ వారు తేల్చారు. క్లోరోఫాం నేరుగా గుండెను కూడా ఆపగలదని తరువాతి పరిశోధనలు నిరూపించడంతో వారి వాదంలో సగం వీగిపోయింది. "ఊపిరిని గమనించు" అన్న సగం మాత్రం నిలిచింది.

మత్తులో జరిగేదే కొందరికి మామూలు నిద్రలోనూ జరుగుతుందని గుర్తించడానికి మరెన్నో దశాబ్దాలు పట్టింది. 1956లో అమెరికాలోని బోస్టన్‌లో బర్వెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక స్థూలకాయుడైన రోగిని వర్ణించారు. పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికి వచ్చిన సమయంలో ఆయన నిద్రలోకి జారుకున్నాడట! చార్లెస్ డికెన్స్ నవల 'పిక్‌విక్ పేపర్స్'లోని నిద్రమొద్దు కుర్రవాడిని తలచుకొని దీనికి 'పిక్‌విక్ లక్షణ సముదాయం' అని పేరు పెట్టారు. కాని తప్పంతా లావుదేనని అనుకున్నారు. 1965లో ఫ్రాన్సులో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో ఇటువంటి రోగులను రాత్రంతా యంత్రాలతో పరిశీలించాక నిద్రలో ఊపిరి పదే పదే ఆగడం వెల్లడైంది. 1969లో కూలో బృందం కంఠం వద్ద శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చింది. మూసుకుపోయే చోటును తప్పించి గాలి నేరుగా లోపలికి పోవడంతో రోగి పగటి మత్తు వదిలింది. తరువాత పదేళ్ళకు పైగా తీవ్రమైన స్లీప్ ఆప్నియాకు చెప్పుకోదగ్గ చికిత్స అదొక్కటే. అయితే జీవితాంతం మెడలో రంధ్రంతో బతకడానికి ఎందరు ఒప్పుకుంటారు?

గ్లాసు నీళ్ళు, ఒక స్ట్రా

ముందుకు వెళ్ళే ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. పొడవాటి గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రా కొసను నీటి మట్టానికి 10 సెంటీమీటర్ల లోతున ఉంచి ఊదండి. బుడగలు రావడం మొదలైన క్షణాన మీ నోటిలో ఉన్నది '10 సెంటీమీటర్ల నీటి పీడనం'. వాతావరణ పీడనంలో ఇది దాదాపు నూరవ వంతు. బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి ఊదే గాలి పీడనం దీనికి వందల రెట్లు. అయినా ఈ కొద్దిపాటి పీడనమే గొంతును తెరిచి ఉంచడానికి సాధారణంగా సరిపోతుంది. గాలి తగ్గిన సైకిల్ ట్యూబు గోడలు అతుక్కుపోతాయి, కాస్త గాలి కొడితే విడివడతాయి. అలాగే గొంతు గోడలు కూలకుండా లోపలి నుంచి గాలి ఊతమిస్తుంది.

గాలి పీడనంతో వైద్యం అంతకు ముందే ఉంది. 1936లో లండన్ వైద్యుడు పౌల్టన్ గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన రోగులకు వాక్యూమ్ క్లీనర్ మోటారు సాయంతో మాస్కు ద్వారా గాలి పీడనం అందించాడు. 1971లో శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జి గ్రెగరీ బృందం నెలలు నిండక పుట్టి ఊపిరి ఆడని శిశువులకు ఈ పద్ధతిని వాడి ఎందరినో బతికించింది. నేడు మన దేశంలో శిశువుల ఆసుపత్రుల్లో వాడే 'బబుల్ సి-ప్యాప్'లో పీడనం కొలత మీ గ్లాసు ప్రయోగమే. గొట్టం కొస ఎన్ని సెంటీమీటర్లు నీటిలో మునిగితే పీడనం అంత.

సిడ్నీలో ఒక రాత్రి

నిద్రలో మూసుకుపోయే గొంతుకు ఈ ఉపాయాన్ని అన్వయించినవాడు ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివన్. కెనడాలోని టొరంటోలో కుక్కల నిద్ర, శ్వాసలపై ప్రయోగాలు చేసినప్పుడు వాటి మూతికి గాలి కారని మాస్కులు అమర్చడంలో ఆయనకు అనుభవం వచ్చింది. సిడ్నీకి తిరిగి వచ్చాక, 1980 జూన్‌లో, మెడకు రంధ్రం చేయవలసినంత తీవ్రంగా జబ్బు ముదిరిన ఒక రోగి ఆయన దగ్గరకు వచ్చాడు. శస్త్రచికిత్స ఇష్టం లేని ఆ రోగి ఒక రాత్రి ప్రయోగానికి ఒప్పుకున్నాడు. ముక్కుకు గొట్టాలు అమర్చి, గాలి ఊదే మోటారుతో పీడనాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. ఒక స్థాయికి రాగానే ఊపిరి ఆగడం నిలిచిపోయింది. పీడనం తగ్గిస్తే మళ్ళీ మొదలైంది, పెంచితే మళ్ళీ పోయింది. రోగి గంటల తరబడి గాఢంగా నిద్రపోయాడు.

1981 ఏప్రిల్‌లో 'లాన్సెట్' పత్రికలో సలివన్, ఆయన సహచరులు అయిదుగురు రోగుల ఫలితాలు ప్రకటించారు. వారికి అవసరమైన పీడనం 4.5 నుంచి 10 సెంటీమీటర్ల వరకు ఉంది. ఈ అంకెలను గమనించండి. జబ్బు ఒక్కటే అయినా ఒకరికి సరిపోయింది మరొకరికి చాలలేదు. కళ్ళజోడు పవరు మనిషి మనిషికీ వేరైనట్లే ఇదీను. ఒకరి యంత్రాన్ని మరొకరు అడిగి తెచ్చుకొని వాడకూడదన్న నియమానికి మూలం మొదటి వ్యాసంలోనే ఉంది.

మాస్కు తెచ్చిన చిక్కు

సూత్రం ఒక్క రాత్రిలో రుజువైంది. దానిని ఇంట్లో ప్రతి రాత్రి వాడదగ్గదిగా మలచడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. మొదట్లో ప్రతి రోగి ముక్కుకు ప్లాస్టర్ అచ్చు తీసి, దానిపై ఫైబర్ గ్లాసుతో మాస్కు పోతపోసేవారు. పడుకునే ముందు త్వరగా గట్టిపడే సిలికోన్ జిగురుతో దానిని ముఖానికి అతికించుకోవాలి, తెల్లవారాక ఊడబీకాలి. మోటారు రొద సరేసరి. మెడలో రంధ్రం కంటే ఇదే నయమనుకున్నవారే దీనిని భరించారు.

ఆ తరువాత వచ్చిన మెరుగుదల చాలా చిత్రమైనది. మాస్కు అంచును పలుచని మెత్తని సిలికోన్ పొరగా చేస్తే, లోపలి గాలే ఆ పొరను ఉబ్బించి చర్మానికి హత్తుకునేలా చేస్తుంది. ఏ గాలి బయటికి కారిపోవాలని చూస్తుందో అదే గాలి కారకుండా కాపలా కాస్తుంది! ఇక జిగురుతో పని లేదు. నేటి మాస్కులు చాలావరకు ఈ సూత్రంపైనే పని చేస్తున్నాయి. గాలి కారుతోందని చాలామంది పట్టీలను బిగిస్తూ పోతారు. బిగించిన కొద్దీ ఆ పొర నలిగి, ఉబ్బడానికి చోటులేక మరింత కారుతుంది, ముక్కు దూలంపై పుండు పడుతుంది. సరైన పద్ధతి వేరు. పడుకొని, యంత్రం నడుస్తుండగా, మాస్కును ముఖం నుంచి కాస్త ఎత్తి మళ్ళీ ఆనించాలి. పొర ఉబ్బి కూర్చున్నాక, కారడం ఆగేటంత వరకే పట్టీలు సరిచేయాలి. కూర్చొని సరిచేసుకున్న మాస్కు పడుకోగానే జారుతుంది, ఎందుకంటే బుగ్గల కండ అప్పుడు పక్కకు ఒరుగుతుంది. మాస్కు మీద ఉండే చిన్న చిన్న రంధ్రాల నుంచి వచ్చే గాలి మాత్రం లోపం కాదు. మనం వదిలిన ఊపిరి పోవడానికే అవి ఉన్నాయి, వాటిని మూయకూడదు.

ముక్కు మాస్కు పెట్టుకొని నోరు తెరిచి పడుకునేవారికి గాలి నోటి గుండా పోతుంది. ఇందువల్ల ముక్కు పొర ఎండి, వాచి, ముక్కు మరింత బిగుసుకుంటుందని, గాలిని వేడిచేసి తేమ కలిపితే ఈ బాధ తగ్గుతుందని సలివన్ బృందమే 1996లో చూపింది. ముక్కు, నోరు రెండూ కప్పే మాస్కు మరొక మార్గం. అయితే దానితో చాలామందికి ఎక్కువ పీడనం కావలసి వస్తుంది. అందువల్ల మాస్కు రకం మార్చినప్పుడు పీడనాన్ని కూడా తిరిగి చూసుకోవాలి. మాస్కు, పీడనం ఒకే కావడికి రెండు కుండలు.

పీడనం నిర్ణయించే రాత్రి

పీడనాన్ని రోగి సొంతంగా ఊహించి పెట్టుకునేది కాదు. నిద్ర ప్రయోగశాలలో తలకు, ఛాతీకి, వేలికి తీగలు అమర్చి, 4 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెడతారు. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2008లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, ఊపిరి ఆగుతున్నంత సేపూ కనీసం అయిదు నిమిషాల వ్యవధి ఇస్తూ ఒక్కొక్క సెంటీమీటరు పెంచుతారు. పెద్దలకు పరిమితి 20. గాలి బాగా కారుతుంటే పీడనం పెంచడానికి ముందు మాస్కు సరిచేయాలి. రోగి మేల్కొని పీడనం ఎక్కువైందంటే తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకొని, కలలు వచ్చే నిద్రలో ఉన్నప్పుడు కూడా ఊపిరి సాఫీగా సాగితేనే ఆ పీడనం సరిపోయినట్లు. గొంతు అన్నిటికంటే సులువుగా మూసుకుపోయేది సాధారణంగా అప్పుడే.

గాలికి ఎదురుగా ఊపిరి వదలడం కష్టమయ్యేవారి కోసం 1990లో శాండర్స్, కెర్న్ అనే పరిశోధకులు పీల్చేటప్పుడు ఒక పీడనం, వదిలేటప్పుడు తక్కువ పీడనం ఇచ్చే పద్ధతిని ప్రకటించారు. 1990 దశకంలోనే అవసరాన్ని బట్టి తనంత తాను పీడనం మార్చుకునే యంత్రాలు వచ్చాయి. అయితే అవి కూడా మాస్కు మీదే ఆధారపడతాయి. గాలి విపరీతంగా కారుతుంటే యంత్రం ఊపిరి తీరును సరిగా పసిగట్టలేదు.

వాడినంత మేరకే ఫలం

1993లో క్రిబ్స్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో 35 మంది యంత్రాల్లో రోగులకు తెలియకుండా వాడకాన్ని నమోదు చేసే పరికరం అమర్చింది. వారానికి కనీసం అయిదు రోజులైనా, రోజుకు నాలుగు గంటలైనా వాడినవారు సగానికంటే తక్కువ. తాము వాడిన దానికంటే ఎక్కువ వాడామని చెప్పినవారే ఎక్కువ. 2016లో వెలువడిన, మన దేశపు రోగులు కూడా పాల్గొన్న ఏడు దేశాల అధ్యయనంలో 2,717 మందిని పరిశీలించారు. సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే. పగటి మత్తు, గురక తగ్గాయి కాని, గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గినట్లు కనబడలేదు. వాడకం అంత తక్కువగా ఉండటమే ఇందుకు కారణమా అన్న చర్చ వైద్యుల్లో నడిచింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ముంబయిలో 35 నుంచి 65 ఏళ్ళ పురుషులపై ఉద్వాడియా బృందం జరిపి 2004లో ప్రకటించిన అధ్యయనంలో నూటికి 7.5 మందిలో పగటి మత్తుతో కూడిన స్లీప్ ఆప్నియా కనిపించింది. అటువంటి ఇంట్లో మంచం పక్కన యంత్రం చేరాక మొదటి కొద్ది వారాలే కీలకం. మాస్కు సరిపడక బీరువా పైకెక్కిన యంత్రం ఎవరి గొంతునూ తెరవలేదు.

అందుచేత మీ ఇంట్లో ఎవరికైనా ఈ యంత్రం రాసి ఇస్తే, మాస్కును పడుకోబెట్టి చూపించమని అడగండి. మీసాలు, గడ్డం, పళ్ళ సెట్టు ఉంటే ముందే చెప్పండి. రోజూ అంచును సబ్బు నీటితో కడిగి చర్మపు జిడ్డు వదిలించండి. గురక తిరిగి వస్తే, పగటి మత్తు పోకపోతే, బరువు బాగా మారితే, కడుపు ఉబ్బుతుంటే పీడనాన్ని సొంతంగా తిప్పక వైద్యునికి తెలపండి. వెళ్ళేటప్పుడు యంత్రాన్ని, మాస్కును వెంట తీసుకువెళ్ళండి. గాలి ఎక్కడ కారుతోందో, ఎన్ని గంటలు వాడారో, ఇంకా ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో నేటి యంత్రాలు చాలావరకు తమలోనే రాసి పెట్టుకుంటాయి.