మందుబిళ్ళ పుట్టిల్లు



పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడితే మనం ముందు చేసే పని అలమారలో మందుబిళ్ళ వెతకడం. ఆ బిళ్ళ ఏ ఊళ్ళో పుట్టిందని ఎప్పుడైనా అనుకున్నారా? సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు కాపురం ఉన్నవాళ్ళకి ఒకరు చెప్పనక్కరలేదు. గాలి ఇటు తిరిగిన రాత్రి వాసనే చెప్పేది.

ఇక్కడి మందుల కంపెనీల చరిత్ర చెప్పడమంటే పెళ్ళివారింట్లో చుట్టరికాలు తేల్చడం లాంటిదే. ఎవరికెవరు ఏమవుతారో తెలియాలంటే ముందు పుట్టిల్లు పట్టుకోవాలి.

ఆ పుట్టిల్లు బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్. 1961లో కేంద్ర ప్రభుత్వం సోవియట్ రష్యా సాయంతో తలపెట్టిన సంస్థ అది. మన కెమిస్టులెందరో పెద్ద ఎత్తున మందు తయారు చేయడం అక్కడే నేర్చుకున్నారు. నలుగురికి వండే కొలత నాలుగు వందలమందికి పనికిరాదని మనకు తెలియనిదా! ప్రయోగశాలకూ ఫ్యాక్టరీకీ అంత తేడా.

తాడేపల్లి రైతుబిడ్డ డాక్టర్ అంజిరెడ్డిగారు 1969లో అక్కడ ఉద్యోగంలో చేరి, 1975లో బయటికొచ్చారు. భాగస్వాములతో కలిసి మొదట యూనిలాయిడ్స్, తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్ నడిపారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. దాని ఫ్యాక్టరీ బొల్లారంలో లేచింది. వేరుకాపురాలు అక్కడితో ఆగలేదు. ఆయనతో కలిసి కెమినార్‌లో పనిచేసిన మురళి దివిగారు 1990లో దివీస్, డాక్టర్ రెడ్డీస్‌లో పనిచేసిన పార్థసారథిరెడ్డిగారు 1993లో హెటిరో స్థాపించారు.

చదువొక్కటే చాల్లేదండీ, చట్టమూ కలిసొచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. దాంతో మందు మీద హక్కు పోయి, తయారుచేసే పద్ధతి మీదే హక్కు మిగిలింది. గుత్తివంకాయ కూర ఎవరి సొత్తూ కాదు, వండే తీరు మాత్రం వండినవారి సొత్తు అన్నట్టు. వేరే తీరుగా వండుకుంటే తప్పులేదు. అందుకే ఖరీదైన విదేశీ మందులు మన అందుబాటులోకి వచ్చాయి. 2005లో ఆ వెసులుబాటు పోయేనాటికి మనవాళ్ళకి చెయ్యి తిరిగిపోయింది.

మరి ఇంత వంట అయ్యాక గిన్నెలు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోయాయి? నక్కవాగులోకి. పొలాలూ బావులూ చెడిన పల్లెల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఆ వివరాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు! అలాంటి నీళ్ళలో మందుకు లొంగని క్రిములు తయారవుతాయి. రేపు మన పిల్లవాడికి అదే బిళ్ళ వేస్తే పనిచేయకపోవచ్చు.

పుట్టిల్లయిన ఐ.డి.పి.ఎల్.ను 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. పిల్లలు మేడలు కట్టారు, తల్లి ఇల్లు పాడుపడింది. కంపెనీల చరిత్ర రాసేవారు స్థాపకుల పేర్లు ఎలాగూ రాస్తారు. ఆ తల్లి పేరూ, నక్కవాగు పేరూ మనమైనా మన పిల్లలకి చెబుదాం.