పేరు ఆటగాడిది, రాబడి కాలేజీది

కార్మికుల నష్టపరిహారం కేసులు వాదించే వకీలుని నేను. చెయ్యి పోయినా, ప్రాణం పోయినా, అవతలివైపు నుంచి ముందుగా వినిపించే మాట ఒకటే: "అతను మా పనివాడే కాదు." అమెరికా కాలేజీ క్రీడల చరిత్రలోనూ అదే మాట ఎదురైంది. అక్కడి ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకోవచ్చా అన్న తగువుకు మూలం నాకు అక్కడే కనిపిస్తుంది.

డబ్బు మొదటినుంచీ ఉంది. 1852లో హార్వర్డ్, యేల్ విద్యార్థులు విన్నిపెసాకీ సరస్సులో పడవ పందెం వేశారు. అక్కడి కాలేజీల మధ్య తొలి పోటీ అదే. ఖర్చు భరించింది ఒక రైలు కంపెనీ.

1953లో కొలరాడో సుప్రీంకోర్టు, ఫుట్‌బాల్ సాధనలో గాయపడ్డ డెన్వర్ విశ్వవిద్యాలయ ఆటగాడు నెమెత్‌ను ఉద్యోగిగా గుర్తించి పరిహారం ఇప్పించింది. కాలేజీలు ఉలిక్కిపడ్డాయి. 1955లో అదే రాష్ట్రంలో రే డెనిసన్ అనే కాలేజీ ఆటగాడు ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య పరిహారం కోరింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదంటూ 1957లో అదే కోర్టు కాదంది. ఆ తీర్పు చదువుతుంటే నాకు కడుపు మండింది. కాలేజీల క్రీడా సంఘం ఎన్‌సీఏఏను 1951 నుంచి 1987 దాకా నడిపిన వాల్టర్ బయర్స్, ఆటగాళ్లు ఉద్యోగులనే వాదన నుంచి తప్పించుకోవడానికే 'స్టూడెంట్ అథ్లెట్' అనే పేరు వాడుకలోకి తెచ్చామని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు.

1984లో అమెరికా సుప్రీంకోర్టు టీవీ హక్కులు అమ్ముకునే స్వేచ్ఛ కాలేజీలకిచ్చింది. శిక్షకుల జీతాలు ఆకాశాన్నంటాయి. ఆటగాడికి మాత్రం స్కాలర్‌షిప్పే. తన పేరుతో నాలుగు డాలర్లు సంపాదిస్తే ఆటకే అనర్హుడు.

1995లో యూసీఎల్ఏ విశ్వవిద్యాలయానికి బాస్కెట్‌బాల్‌లో జాతీయ టైటిల్ గెలిచిపెట్టిన ఎడ్ ఓబానన్, ఏళ్ల తర్వాత ఒక వీడియో గేమ్‌లో తననే చూసుకున్నాడు. అదే రూపం, అదే 31 నంబరు. చేతికి పైసా రాలేదు. 2009లో ఎన్‌సీఏఏ మీద దావా వేశాడు, 2014లో గెలిచాడు. ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చని 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది. చదువుకు సంబంధించిన సాయంపై ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులు చెల్లవని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా తేల్చారు. జూలై 1 నుంచి పేరు, బొమ్మ మీద సంపాదనకు సంఘం దారి విడిచింది.

డబ్బు వస్తే ఆట చెడుతుందనే వాదన నేను ఒప్పుకోను. ఆ బెంగ శిక్షకుడి జీతం గురించి ఎవరికీ రాలేదు. పేరు ఎవరిదో రాబడీ వాళ్లదే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో కాలేజీ ఏటా దాదాపు 2 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. అది న్యాయమే. కానీ ఆ ఒప్పందం కూడా వాళ్లను ఉద్యోగులుగా గుర్తించలేదు.