రాబర్టో క్లెమెంటే: సాయం తీసుకెళ్తూ సముద్రంలో కలిసిపోయిన బేస్‌బాల్ స్టార్.. సమాధి లేకపోయినా సొంతూరు మరచిపోలేదు!

మనకు క్రికెట్ ఎలాగో, కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో బేస్‌బాల్ అలాగ. అక్కడి కరోలినా పట్టణంలో ఎవరిని అడిగినా ముందు చెప్పే పేరు రాబర్టో క్లెమెంటే. ఆయన చనిపోయి 50 ఏళ్లు దాటింది. మృతదేహం ఇప్పటికీ దొరకలేదు. అసలు ఆ రాత్రి ఏం జరిగింది? సొంతూరు ఆయన్ను ఎలా గుర్తుపెట్టుకుంది?

చెరకు తోటల నుంచి స్టేడియం దాకా..

1934 ఆగస్టు 18న కరోలినాలోని సాన్ ఆంటోన్‌లో పుట్టారు. ఏడుగురు సంతానంలో ఆఖరివాడు. తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. 1955లో అమెరికా జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌లోకి వచ్చి, చివరి వరకూ 18 సీజన్లు అదే జట్టుకు ఆడారు. నల్లజాతి ఆటగాడు, పైగా మాతృభాష స్పానిష్. ఆ రోజుల్లో అక్కడి పత్రికలు ఆయన ఇంగ్లిష్‌ను ఎగతాళి చేసేవి. పేరు మార్చి 'బాబ్' అని రాసేవి. 'నా పేరు రాబర్టో' అని ఆయన పట్టుబట్టేవారు.

రెండుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నారు. 1971లో ఆ సిరీస్‌కే అత్యుత్తమ ఆటగాడయ్యారు. గెలిచిన వెంటనే టీవీ కెమెరా ముందు స్పానిష్‌లోనే మాట్లాడి, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల దీవెన అడిగారు. ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు 12 సార్లు అందుకున్నారు. బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే అది ఒక హిట్. 1972 సెప్టెంబర్ 30న ఆయన 3000వ హిట్ కొట్టారు. రెగ్యులర్ సీజన్లలో అదే ఆఖరిది.

ఆ రాత్రి ఏం జరిగింది?

1972 డిసెంబర్ 23న నికరాగ్వా రాజధాని మనాగ్వాను భూకంపం నేలమట్టం చేసింది. వేలమంది చనిపోయారు. అంతకు కొద్ది వారాల ముందే క్లెమెంటే ఒక జట్టుకు మేనేజర్‌గా ఆ నగరంలో ఉండి వచ్చారు. వెంటనే ఆహారం, మందులు సేకరించి పంపించారు. కానీ ఆ సాయం బాధితులకు అందకుండా పక్కదారి పడుతోందని కబురొచ్చింది. తాను వెంట వెళితే సరుకు జనం చేతికి చేరుతుందనుకున్నారు.

డిసెంబర్ 31 రాత్రి పాత డీసీ-7 విమానం ఎక్కారు. అందులో మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు ఉంది. గాల్లోకి లేచిన కొద్దిసేపటికే సముద్రంలో కూలిపోయింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. క్లెమెంటే వయసు 38 ఏళ్లే. ఇంట్లో భార్య వెరా, ముగ్గురు చిన్న పిల్లలు.

కొత్త సంవత్సరం రోజున సంబరాల్లో ఉండాల్సిన జనం సముద్రపు ఒడ్డుకు చేరారు. కరోలినాలో ఆయన పెళ్లి జరిగిన చర్చిలోనే సంస్మరణ ప్రార్థన పెట్టారు. పైరేట్స్ జట్టు విమానంలో తరలివచ్చింది. ఒక్కరు మాత్రం ఆ ప్రార్థనకు రాలేదు. సహచరుడు మానీ సాంగియెన్ ఆ సమయంలో గజ ఈతగాళ్లతో కలిసి సముద్రంలో స్నేహితుడి కోసం వెతుకుతున్నారు.

ఊరు ఎలా గుర్తుపెట్టుకుంది?

హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కాలంటే అప్పట్లో ఐదేళ్లు ఆగాలి. క్లెమెంటే కోసం ఆ రూల్ పక్కనపెట్టి 1973లోనే చేర్చారు. ఆ గౌరవం దక్కిన తొలి లాటిన్ అమెరికన్ ఆటగాడు ఆయనే. ఆయన 21 నంబర్ జెర్సీని పైరేట్స్ మరెవరికీ ఇవ్వలేదు. సమాజ సేవ చేసే ఆటగాళ్లకు ఏటా ఆయన పేరిట అవార్డు ఇస్తున్నారు.

ఇక సొంతూరు విషయానికొస్తే, కరోలినాలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. పేద పిల్లలు ఉచితంగా ఆడుకునే క్రీడా గ్రామం ఆయన కల. చనిపోయాక కుటుంబం దాన్ని కరోలినాలోనే కట్టింది. తర్వాతి కాలంలో నిర్వహణ లేక అది దెబ్బతినడం ఊరివాళ్లకు తీరని బాధ.

పువ్వులు పెట్టడానికి ఆయనకు సమాధి లేదు. అందుకే ఆయన్ను తలుచుకోవాలంటే కరోలినా వాళ్లు మైదానం వైపు చూస్తారు, లేదంటే సముద్రం వైపు.